అమ్రోలి పొలిమేర కాలిబాట

సూరత్‌కు ఉత్తరాన, తాపీ నది కుడి ఒడ్డున ఉన్న అమ్రోలి ఈనాడు మరమగ్గాల పేట. దాన్ని ఆనుకుని పడమట ఛాపరాభాఠా, వరియావ్, తూర్పున ఉత్రాన్, ఉత్తరాన కోసాడ్ ఉన్నాయి. ఈ ఊళ్లు దాటి ఉత్తరానికి పోతే గోఠంగామ్, సాయణ్, దేలాడ్ వస్తాయి, ఆ పైన కీమ్ నది. అమ్రోలి పక్కనుంచి దేలాడ్ దాకా ఒక పూట నడక దూరమే. గుట్టా మిట్టా లేని ఈ కాస్త నేల మీద మనుషులు కాలినడకన, కొన్నిసార్లు పరుగున, కొన్ని శతాబ్దాలు తిరిగారు. నగరం అంచున మట్టిబాట వెతుక్కుని పరుగు మొదలెట్టే కొత్త తరానికి ఆ బాటల గతం పనికొచ్చే చదువు. ఏ రుతువులో నేల ఎలా ఉంటుంది, ఎంత దూరానికి ఒక మజిలీ వేసుకోవాలి, దారిలో ఏం తినాలి అన్న ప్రశ్నలకు ఇక్కడివాళ్లు ఎప్పుడో జవాబులు కనుక్కున్నారు.

మొగలుల కాలంలో సూరత్ పడమటి తీరంలో అన్నిటికంటే పెద్ద రేవు. మక్కా యాత్రికులు ఓడ ఎక్కింది ఇక్కడే. ఇంగ్లీషు వాళ్లు 17వ శతాబ్ది మొదట్లో తమ వర్తక కొఠీ తెరిచిందీ ఇక్కడే. ఊరు నదికి ఎడమ ఒడ్డున ఉంది కాబట్టి భరూచ్, బరోడా, అహ్మదాబాద్‌ల వైపు పోయే బిడారు ఏదైనా తాపీ దాటి ఉత్తరపు గట్టు ఎక్కాల్సిందే. నీలిమందు, నూలుబట్ట, పత్తి మోసుకొచ్చే ఎడ్లబండ్లూ అటునుంచే దిగేవి. బండి చక్రాలు తొక్కిన దారికి పక్కనే మనుషులు తొక్కిన సన్నబాట ఒకటి పడుతుంది. అది పొలం గట్టు మీదుగా, చెరువు కట్ట మీదుగా, నీడ ఎక్కడుంటే అక్కడికి వంగుతూ పోతుంది. గుజరాత్ మైదానంలో పాత దారులన్నీ ఇలా జంటగా నడిచినవే.

ఆ సన్నబాట మీద నిజంగా పరుగెత్తినవాళ్లు కాసీదులు. సూరత్ కొఠీ ఉత్తరాలు ఆగ్రాకూ అహ్మదాబాద్‌కూ వీళ్ల చేతే వెళ్లేవి. కొఠీ కాగితాల్లో వీళ్లను పట్టమార్లని కూడా రాశారు. గుర్రం అక్కర్లేదు, బండి అక్కర్లేదు. కాగితాల మూట, ఒక కర్ర, మంచి కాళ్లు ఉంటే చాలు. వర్తకుల లాభనష్టాలు వీళ్ల కాళ్ల మీద ఆధారపడ్డాయి. ఏ ఓడ వచ్చింది, ఏ సరుకు ధర ఎంతుంది అన్న కబురు ఎవరికి ముందు చేరితే బేరం వాళ్లది. తర్వాత కంపెనీ టపా వచ్చింది. మువ్వలు కట్టిన ఈటె భుజాన వేసుకుని టపా బంట్రోతులు అంచెల మీద సంచీ అందుకుని పరుగెత్తారు. మువ్వల చప్పుడు వింటే దారిలో పాములూ జంతువులూ తప్పుకుంటాయని, తర్వాతి అంచెవాడు సిద్ధమవుతాడని ఆ ఏర్పాటు. వ్యాయామం కోసమో సంతోషం కోసమో పరుగెత్తే ఆలోచన ఈ నేలకు కొత్త కావచ్చు. దూరాన్ని ముక్కలు చేసుకుని మట్టి మీద పరుగెత్తే నేర్పు మాత్రం ఇక్కడ పాతదే.

ఆ బతుకుతెరువుకు ముగింపు పలికింది రైలు. బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే తన తొలి ముక్కను 1860లో తెరిచింది. అది అంకలేశ్వర్ నుంచి ఉత్రాన్ దాకా 29 మైళ్లు. అంటే ఆ రైలు మొదట తాపీ దాటనే లేదు, అమ్రోలి పక్కనే నది ఒడ్డున ఆగింది. నది మీద వంతెన పూర్తయ్యాక గానీ సూరత్ చేరలేదు. బొంబాయి నుంచి ఢిల్లీ వైపు పోయే నేటి పెద్ద లైను పుట్టినచోట్లలో ఈ ఒడ్డు ఒకటి. ఈ సంగతి తెలిసినవాళ్లు సూరత్‌లోనే తక్కువ, అది విచారించాల్సిన మాట. రైలు రాగానే దూరప్రయాణపు నడక తగ్గిపోయింది. ఊరి నుంచి ఊరికి, పొలానికి, సంతకు, గుడికి నడిచే బాట మాత్రం పోలేదు. గుజరాత్‌లో పున్నమికి డాకోర్‌కూ, భాద్రపదంలో అంబాజీకీ గుంపులుగా నడిచివెళ్లే పగపాళా సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. దారిపొడుగునా పందిళ్లు వేసి మజ్జిగ, మంచినీళ్లు ఇవ్వడం, పొక్కిన కాళ్లకు మందు రాయడం ఆ ఆచారంలో భాగమే.

ఈ నేల స్వభావం చెప్పకుండా నడక సంగతి పూర్తి కాదు. సాయణ్, దేలాడ్ ఉన్న ఓల్పాడ్ తాలూకా చాలావరకు నల్లరేగడి. తెలుగునాట పత్తిరైతుకు ఈ మట్టి సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. వానాకాలంలో అడుగు వేస్తే మట్టి చెప్పుకు పట్టుకుని, నాలుగడుగుల్లో పాదం రెండింతల బరువెక్కుతుంది. దసరా దాటి నేల ఆరాక అదే మట్టి గట్టిపడి, కాలికి మెత్తగా ఎదురొచ్చే చక్కని బాట అవుతుంది. మాఘ ఫాల్గుణాల్లో పైన సన్నటి దుమ్ము లేస్తుంది. ఎండలు ముదిరేసరికి నేల నెర్రెలిచ్చి, కాలి మడమ ఇరుక్కునేంత చీలికలు పడతాయి. కాబట్టి ఈ ప్రాంతంలో మట్టిబాట మీద తిరిగే కాలం దీపావళి నుంచి హోలీ దాకానే. ఆ తర్వాత తెల్లవారుజామునో పొద్దువాలాకనో తప్ప వీలుకాదు.

సరిగ్గా ఆ కాలం దాటిపోతుండగా, 1930 మార్చి ఆఖరులో ఈ బాట మీదికి దండి యాత్ర వచ్చింది. ఉప్పు పన్నును ఎదిరిస్తానని మార్చి 2న వైస్రాయి ఇర్విన్‌కు లేఖ రాసిన గాంధీ, 12న సబర్మతి ఆశ్రమం నుంచి 78 మందితో బయలుదేరారు. ఆయన వయసు అప్పటికి 60. జట్టులో అందరికన్నా చిన్నవాడికి 16. సముద్రపు ఒడ్డున దండికి దూరం సుమారు 240 మైళ్లు, అంటే 385 కిలోమీటర్లు. ఏప్రిల్ 5న చేరి, 6న ఉప్పు తీశారు. దీని రాజకీయ చరిత్ర అందరికీ తెలిసిందే. దూరం నడవడంలో అదొక క్రమశిక్షణ పాఠమన్న సంగతి మీద మాత్రం తగినంత దృష్టి పడలేదు.

ప్రతిరోజూ నడకను రెండు పూటలుగా విడగొట్టారు. ప్రార్థన అయ్యాక పొద్దున్నే ఒక మజిలీ, ఎండ తగ్గాక సాయంత్రం ఇంకొకటి. సోమవారం గాంధీకి మౌనదినం కాబట్టి జట్టు మొత్తానికీ ఆటవిడుపు దొరికింది. మార్చి 17న ఆణంద్‌లో, 24న సామ్ణీలో, 31న దేలాడ్‌లో ఆగారు. ఆ మూడు రోజులూ తీసేస్తే రోజుకు సగటున 17, 18 కిలోమీటర్లు పడుతుంది. ఈ లెక్కలో తొందర లేదు, బద్ధకమూ లేదు. వారానికి ఒక రోజు కాళ్లకు పూర్తి విశ్రాంతి ఇవ్వాలని నేటి శిక్షకులు చెప్పేది ఈ సోమవారాల్లో అక్షరాలా కనిపిస్తుంది. గాంధీ నడిస్తే వెనక కుర్రవాళ్లు పరుగులాంటి నడకతో అందుకోవాల్సి వచ్చేది. ఆయనకు అలసటైతే ఎక్కడానికని ఒక గుర్రాన్ని వెంట నడిపించారు గానీ ఆయన దాన్ని ఎక్కలేదు. కాళ్లు పొక్కినవాళ్లకు, జ్వరం తగిలినవాళ్లకు ఎడ్లబండి ఉండేది.

తిండి విషయంలో ముందుగానే ఊళ్లకు వివరం పంపారు. పొద్దున బయలుదేరేముందు రాబ్, ఢేబరా. రాబ్ అంటే పిండిని నేతిలో వేయించి బెల్లపు నీళ్లలో కాచిన జావ. ఢేబరా చిరుధాన్యపు పిండితో చేసే రొట్టె. మధ్యాహ్నం భాఖరీ, కూర, పాలో మజ్జిగో. సాయంత్రం మళ్లీ నడక మొదలయ్యే ముందు వేయించిన సెనగలు, బియ్యం. రాత్రికి కిచిడీ, కూర, మజ్జిగ. నెయ్యి మనిషికి రోజు మొత్తానికి మూడు తులాలు మించరాదు. ఒక తులం రాబ్‌లోకి, ఒకటి భాఖరీ మీదికి, ఒకటి కిచిడీలోకి అని కూడా నిర్ణయించారు. ఎక్కువదూరం కదిలే శరీరానికి ఎప్పుడెప్పుడు ఏం కావాలో ఇంతకన్నా పొదుపుగా చెప్పడం కష్టం. నడకకు ముందు త్వరగా అరిగే బెల్లపు జావ, రెండో మజిలీకి ముందు పొట్ట బరువెక్కించని వేపుడు గింజలు, పని ముగిశాక పప్పూ బియ్యం కలిసిన వేడి అన్నం. ఈనాడు పరుగువాళ్లు జేబులో పెట్టుకునే ఖరీదైన జెల్ ప్యాకెట్లు చేసే పని ఆనాడు బెల్లం, సెనగలు చేశాయి.

జట్టుకు ముందు ఇంకో చిన్న జట్టు నడిచింది. గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థులతో కూడిన దాని పేరు అరుణ్ టుకడీ. మజిలీ ఊళ్లకు ముందుగా చేరి, నీళ్లు, నీడ, పడుకునే చోటు చూసిపెట్టడం వాళ్ల పని. ఊళ్లో జనాభా ఎంత, రాట్నాలు ఎన్ని, పశువులు ఎన్ని, శిస్తు ఎంత, ఉప్పు వాడకం ఎంత అన్న వివరాలు కూడా సేకరించారు. అలా ఈ కాలిబాట వెంట ఉన్న పల్లెల బతుకు కాగితం మీదికెక్కింది.

నదులు దాటిన తీరు ఆ నేల గురించి బాగా చెబుతుంది. మార్చి 19 రాత్రి మహీ నది దాటడానికి పోటు కోసం కాచుకుని, పడవ దిగాక బురదలో కాళ్లీడ్చుకుంటూ కారేలీ ఒడ్డు చేరారు. భరూచ్ దగ్గర నర్మదను దాటి అంకలేశ్వర్ చేరాక సూరత్ జిల్లా పల్లెలు మొదలయ్యాయి. ఉమ్రాఛీ, ఎర్థాన్, భాట్‌గామ్, సాంధియేర్, దేలాడ్.

వీటిలో భాట్‌గామ్‌ది ప్రత్యేకమైన చోటు. అక్కడికి వచ్చేసరికి యాత్ర చుట్టూ ఆర్భాటం పేరుకుంది. రాత్రి నడకలో దారి కనిపించడానికి కిట్సన్ దీపాలను కూలీల నెత్తిన పెట్టి మోయిస్తున్నారు. బరువుతో నడిచే ఆ కూలీని త్వరగా నడవమని తరుముతున్నారు. సూరత్ నుంచి మోటారులో పాలూ కూరగాయలూ తెప్పిస్తున్నారు. మార్చి 29న భాట్‌గామ్ సభలో గాంధీ ఇదంతా బాహాటంగా తప్పుపట్టారు. తమ తప్పులు దిద్దుకోకుండా వైస్రాయి జీతం ఎక్కువని వేలెత్తి చూపే హక్కు తమకు లేదన్నది ఆయన వాదన. దారిలో దొరికినదానితోనే నడవాలి, సాటిమనిషి నెత్తిన దీపం పెట్టి నడవకూడదు అన్న నియమం ఆ రాత్రి నుంచి గట్టిపడింది. దండి యాత్ర మొత్తంలో అన్నిటికన్నా విలువైన మాటలు సముద్రపు ఒడ్డున కాక ఈ చిన్న ఊళ్లో పుట్టాయని చెప్పవచ్చు. ఎవరి సామాను వాళ్లే మోసుకోవాలన్న నేటి ట్రయిల్ (మట్టిబాట) పరుగుల నియమానికి ఇంతకన్నా బలమైన పూర్వరంగం దొరకదు.

31న దేలాడ్‌లో సోమవారపు విశ్రాంతి. ఏప్రిల్ 1 మంగళవారం పొద్దున జట్టు అమ్రోలి పక్కనున్న ఛాపరాభాఠా చేరి, పగలు అక్కడ గడిపింది. ఆ సాయంత్రమే తాపీకి అవతల సూరత్‌లో పెద్ద జనసందోహం మధ్య సభ జరిగింది. మర్నాడు డిండోలీ, వాంఝ్. ఆ తర్వాత ధామణ్, నవ్‌సారీ, విజల్‌పూర్, కరాడీ, మట్వాడ్ మీదుగా దండి.

ఈ జట్టులో తెలుగు అడుగులు కూడా ఉన్నాయి. ఆంధ్ర నుంచి నడిచినవారు కృష్ణా జిల్లాకు చెందిన ఎర్నేని సుబ్రహ్మణ్యం. తర్వాత ఆయన కొమరవోలులో గాంధీ ఆశ్రమం నడిపారు. హైదరాబాదులో పుట్టిపెరిగిన సరోజినీ నాయుడు దండి ఒడ్డున గాంధీ పక్కన నిలబడ్డారు. మే 21న ధరాసణా ఉప్పు కొఠారు మీదికి నడిచిన సత్యాగ్రహులకు నాయకత్వం వహించిందీ ఆమే. ఇక నేటి సంగతికి వస్తే, ఏప్రిల్ 2న జట్టు నడిచిన డిండోలీకి పక్కనే లింబాయత్ ఉంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీల పేట అది. తెలుగు బోర్డులు, తెలుగు పాటలు, బతుకమ్మ పండుగ ఉన్న చోటు. సూరత్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్నచోటికీ దండి దారికీ మధ్య దూరం నడిచిపోయేంతే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ బాట రూపం మార్చినవి నీళ్లు. తాపీ మీద కాకరాపార్ ఆనకట్ట 1950లలో కట్టారు. 1972లో ఉకాయ్ డ్యామ్ పూర్తయింది. పత్తి, జొన్న పండిన రేగడి చెరకు, వరి మళ్లుగా మారింది. కాలువలతోపాటు వాటి గట్లమీద కొత్త బాటలు పుట్టాయి. కాలువ తనిఖీకి వేసిన ఆ మట్టిరోడ్లు చదునుగా, ఎడతెగకుండా, బండ్ల రద్దీ లేకుండా సాగుతాయి. పాత సన్నబాటలు చాలావరకు చెరకు తోటల్లో కలిసిపోయాయి. కాలువగట్లు వాటి స్థానం తీసుకున్నాయి. ఆ తర్వాత మరమగ్గాలు, వజ్రాల సాన పని సూరత్‌ను ఉబ్బించాయి. 2006లో నగరపాలిక హద్దులు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు పెరిగాయి. అమ్రోలి, కోసాడ్, ఛాపరాభాఠా నగరంలో కలిశాయి. అదే ఏడు ఆగస్టులో తాపీ వరద ఊరిని ముంచెత్తింది. గాంధీ మజిలీ చేసిన ఛాపరాభాఠా ఇప్పుడు అపార్ట్‌మెంట్ల మధ్య ఉంది.

దండి దారిని కాపాడే ప్రయత్నం కూడా ఆ రోజుల్లోదే. అంతకుముందే, 1983లో ఆస్ట్రేలియా పరిశోధకుడు థామస్ వెబర్ ఆ దారి మొత్తం నడిచి, 1930 నాటి మనుషులను కలుసుకుని తర్వాత పుస్తకం రాశారు. 2005లో 75 ఏళ్ల సందర్భంగా పునర్యాత్ర జరిగినప్పుడు ప్రభుత్వం దీన్ని వారసత్వ మార్గంగా ప్రకటించింది. అది 228వ నంబరు జాతీయ రహదారి అయింది, ఇప్పుడు 64వ నంబరు. 2019 జనవరి 30న దండిలో జాతీయ ఉప్పు సత్యాగ్రహ స్మారకం తెరుచుకుంది. 2021 మార్చి 12న సబర్మతి నుంచి 81 మంది మళ్లీ నడిచారు. ఏప్రిల్ 6న దండిలో జరిగిన ముగింపు సభకు నాటి ఉపరాష్ట్రపతి, నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్యనాయుడు వచ్చారు. ఇంత గౌరవం దక్కినా ఒక లోటు మిగిలింది. కాలినడకకు పుట్టిన దారిని తారురోడ్డుగా మార్చి కాపాడామనుకోవడం సరైన కాపుదల కాదు. లారీల పక్కన నడిచేవాడికి చోటు లేని రోడ్డు ఆ యాత్రకు స్మారకం కాలేదు. పక్కన నాలుగడుగుల మట్టిబాట, వరసగా వేపచెట్లు ఉండి ఉంటే దేశంలోనే మేలైన నడకదారి అయ్యేది.

ట్రయిల్ పరుగు అన్న పేరుతో ప్రపంచంలో ఈ ఆట నిలదొక్కుకున్నది ఆలస్యంగానే. కాలిఫోర్నియాలో డిప్సీ పందెం 1905 నుంచి ఉంది. అక్కడే 1974లో గోర్డీ ఐన్స్‌లీ అనే యువకుడు వంద మైళ్ల గుర్రపు పందెంలో గుర్రం లేకుండా బయలుదేరి ఒక్కరోజు లోపల పూర్తిచేశాడు. దాన్నుంచే వెస్టర్న్ స్టేట్స్ పరుగు పుట్టింది. ఆల్ప్స్ పర్వతాల్లో మోఁ బ్లాఁ చుట్టూ తిరిగే పందెం 2003లో మొదలైంది. 2013లో ఏర్పడిన అంతర్జాతీయ ట్రయిల్ రన్నింగ్ సంఘం ఈ ఆటకు నిర్వచనం ఇచ్చింది. దాని ప్రకారం పరుగు సహజమైన నేల మీద సాగాలి, తారూ సిమెంటూ వేసిన భాగం చాలా తక్కువగా ఉండాలి. కొండ ఉండి తీరాలన్న షరతు ఏమీ లేదు. హైదరాబాదులో మట్టిబాట పరుగంటే రాళ్లగుట్టలు, అనంతగిరి అడవి గుర్తొస్తాయి, విశాఖలో కంబాలకొండ. సూరత్ చుట్టూ కొండ కావాలంటే డాంగ్ అడవుల్లోకి, సాపుతారా దాకా పోవాలి. అమ్రోలివాడికి దొరికేది కాలువగట్టు, పొలందారి, నది ఒడ్డు. కొత్తగా మొదలెట్టేవాళ్లకు ఇదే మేలు. చదునైన మట్టి మోకాలిని కాపాడుతుంది, చీలమండను నెమ్మదిగా గట్టిపరుస్తుంది. తారుమీద అలవాటైన వేగం ఇక్కడ రాదు. సమయం చూసుకుని పరుగెత్తాలి గాని కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటూ కాదు.

1860 నాటి రైలు ఈ బాటకు ఇప్పుడు మేలే చేస్తుంది. కోసాడ్, గోఠంగామ్, సాయణ్ స్టేషన్లు వరసగా ఉన్నాయి కాబట్టి పొద్దున్నే ప్యాసింజర్ బండిలో సాయణ్ చేరి, అక్కడినుంచి అమ్రోలి వైపు తిరిగి రావచ్చు. మధ్యలో అలసిపోతే ఏదో ఒక స్టేషను దగ్గరే ఉంటుంది. మొదట్లో గోఠంగామ్ నుంచి కోసాడ్ దాకా నడకా పరుగూ కలిపి సరిపెట్టుకోవడం మంచిది. చెరకు నరికే కాలంలో సాయణ్ చక్కెర మిల్లుకు పోయే ట్రాక్టర్లు పొలందారుల నిండా తిరుగుతాయి, వాటికి దారి ఇవ్వాలి. నిండుగా పారే కాలువ గట్టున అంచుకు దూరంగా ఉండాలి, దానిలోకి దిగరాదు. పొలంలో అడ్డంగా పోయేముందు రైతును అడగాలి. హోలీ దాటాక నీళ్లు వెంట లేకుండా బయలుదేరకూడదు. వాన పడిన మర్నాడు రేగడి మీదికి అసలే వెళ్లకూడదు. నదికి దక్షిణాన డిండోలీ నుంచి నవ్‌సారీ వైపు దారి ఎక్కువభాగం నగరంలో, తారురోడ్డు మీద సాగుతుంది. అందుకే దండి దాకా పోవాలనుకునేవాళ్లు కూడా మొదటి రుతువంతా తాపీకి ఉత్తరానే, దేలాడ్‌కూ ఛాపరాభాఠాకూ మధ్య గడపడం సబబు.